వానాకాలం కాన్పు కాల్‌కు బయలుదేరే ముందు: బిడ్డ ఊపిరి కోసం

వాగులు పొంగితే కాన్పు దారిలోనే అయిపోవచ్చు. 108 సిబ్బంది, ఏఎన్‌ఎమ్‌లు బండి కదిలేలోపు ఇవి చూసుకోండి.

బ్యాగ్ (బిడ్డకు గాలి ఊదే చేతి పంపు), మాస్క్ (దాని ముఖ తొడుగు) చేతికందేలా ఉన్నాయా? ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందాలి, వెతుక్కునే టైమ్ ఉండదు. మాస్క్‌ను అరచేతికి అదిమి బ్యాగ్ నొక్కండి. చేతికి ఒత్తిడి తగలకపోతే లీకే, వెంటనే మార్చండి. నెలలు నిండిన బిడ్డకు 1 సైజు మాస్క్, నిండకపోతే 0.

పొడి తువ్వాళ్లు రెండు. తుడిచిన తడి గుడ్డలోనే చుడితే బిడ్డ చల్లబడిపోతుంది.

తలకిందులుగా పట్టి కొట్టొద్దు, దెబ్బ తగులుతుంది. తుడిచి వీపు రుద్దినా ఊపిరి రాకపోతే ఇక బ్యాగే: నిమిషానికి 40–60 సార్లు, ఛాతీ లేచేలా. లేవకపోతే తల, మాస్క్ సరిచేయండి. మెడ మరీ వెనక్కి వంచితే గాలి దారి మూసుకుపోతుంది.

నోట్లో, ముక్కులో ఏదైనా అడ్డుంటేనే సక్షన్ (పీల్చి తీయడం): ముందు నోరు, తర్వాత ముక్కు.