నాలుగు గెనాలు కొలిస్తే చేను లెక్క తేలదు, మూల నుంచి మూలకు టేపు పట్టండి

పోయినేడు మా చిన్నాయన కళ్యాణదుర్గం దగ్గర ఒక శెనక్కాయ చేను బేరం చేశాడు. నాలుగు పక్కలూ నాలుగు రకాలుగా ఉన్న చేను. బ్రోకర్ గెనాల (చేని గట్ల) వెంబడి టేపు పట్టించి, వరసగా 300, 200, 260, 240 అడుగులని రాసుకున్నాడు. ఎదురెదురు పక్కల్ని కలిపి సగం చేస్తే 280, 220 వచ్చాయి. ఆ రెండూ గుణించి 61,600 చదరపు అడుగులు, అంటే 141 సెంట్ల చిల్లర అని ఫోన్‌లో చూపించాడు. ఎకరా 12 లక్షలు లెక్కన సెంటు 12 వేలు పడుతుంది కాబట్టి, ఒక్క సెంటు అటూ ఇటూ అయినా ఊరుకునే విషయం కాదు.

ఈ సగటు లెక్క మన ఊళ్లలో అందరూ వేసేదే. చేను నలుచదరంగా, మూలలు సరిగ్గా మూలమట్టానికి ఉంటే తప్పు కూడా కాదు. వంకర ఉందంటే మాత్రం ప్రతిసారీ ఎక్కువే చూపిస్తుంది, ఒక్కసారి కూడా తక్కువ చూపించదు. అమ్మేవాడికి ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పాలా!

ఎందుకలా అంటే, కోళ్లు వదులైన నులక మంచాన్ని ఒక మూల పట్టి నెట్టి చూడండి. పట్టెల పొడవు మారదు, మంచం మాత్రం పక్కకు వాలి లోపలి జాగా తగ్గిపోతుంది. చేను కూడా అంతే, నాలుగు పక్కల కొలతలు తెలిసినంత మాత్రాన విస్తీర్ణం తేలదు. క్రీ.శ. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో బ్రహ్మగుప్తుడు ఈ సగటు లెక్కనే స్థూలం అని చెప్పి, పక్కనే సూక్ష్మమైన లెక్క ఇచ్చాడు. ఆ సూత్రంలో మన కొలతలు వేస్తే 61,188 వస్తుంది. ఈ నాలుగు పక్కలతో ఏ ఆకారం గీసినా అంతకు మించి రాదు. అంటే బ్రోకర్ చెప్పిన 61,600 ఎక్కడా ఉండే అవకాశమే లేని భూమి అన్నమాట.

కాబట్టి అయిదో కొలత కావాలి. ఒక మూల నుంచి ఎదురు మూలకు, చేను మధ్యలోంచి టేపు పట్టండి. పైరు లేనప్పుడు వెళ్లడం మేలు. రెండు మూలల్లో కట్టెలు పాతి, మధ్యలో ఇంకో కట్టె పట్టుకున్న మనిషిని మూడూ ఒకే వరసలో కనిపించేదాకా జరపండి, లేకపోతే టేపు వంకర పోయి కొలత పెరుగుతుంది. నైలాన్ తాడు సాగుతుంది, వద్దు. ఏటవాలు నేల మీద టేపుని నేలకు ఆనించకుండా మట్టంగా, కొంచెం కొంచెంగా పట్టి కొలవాలి. ఏదైనా మూల లోపలికి నొక్కుకుని ఉంటే, చేను లోపలే సాగే గీతని ఎంచుకోండి.

మా చేనికి 400 అడుగులు వచ్చింది. ఇప్పుడు చేను రెండు త్రిభుజాలైంది, ఇక హైస్కూల్లో చదివిన హెరాన్ సూత్రం చాలు. మొదటిది 300, 200, 400. మూడూ కలిపి సగం చేస్తే 450. అందులోంచి ఒక్కో పక్కా తీసేస్తే 150, 250, 50. ఈ నాలుగూ (450×150×250×50) గుణించి వర్గమూలం నొక్కితే 29,047 వస్తుంది. రెండోది 400, 260, 240. దీనికీ సగం 450 వచ్చింది, మిగిలినవి 50, 190, 210, వర్గమూలం 29,962. కలిపితే 59,009 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగులు కాబట్టి భాగిస్తే 135.5 సెంట్లు. దాదాపు ఆరు సెంట్లు, 70 వేల పైమాట, గాలిలో ఉందని తేలింది. అదే అడ్డకొలత 440 వచ్చి ఉంటే, గెనాలు అవే అయినా చేను 118 సెంట్లకు పడిపోయేది!

రెండో అడ్డకొలత కూడా తీసుకుని మళ్లీ లెక్క వేయండి. రెండూ ఒక సెంటు లోపల కలిస్తే నమ్మొచ్చు. 280 అడుగుల పొడవు మీద ఒక్క అడుగు తప్పితే 280 చదరపు అడుగులు, అర సెంటు దాటింది. అందుకే ఫోన్ యాప్‌తో చేను చుట్టూ నడిచి కొలవడం నాకు నచ్చదు, జీపీఎస్ రెండు మూడు మీటర్లు తప్పడం మామూలే. ఊరికే అంచనాకైతే సరే, డబ్బు కట్టడానికి కాదు. మీ లెక్కను సర్వే వాళ్ల కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎమ్‌బిలోని హెక్టార్లతో పోల్చాలంటే సెంట్లని 247తో భాగించండి, మాది 0.55 దగ్గర తేలింది.

ఇంకో చిక్కు, వంక (వాగు) పక్కన ఉన్న చేలకు ఒక పక్క తిన్నగా ఉండదు. అక్కడ మూల నుంచి మూలకు తిన్నగా తాడు కట్టి, ప్రతి 20 అడుగులకూ తాడు నుంచి గట్టుదాకా ఎంతుందో కొలవండి. మాకు గట్టు వంకర పోయిన 80 అడుగుల మేర 0, 6, 9, 7, 0 వచ్చాయి. రెండు చివర్లూ సున్నాలే కాబట్టి మధ్యవి కలిపి 20తో గుణిస్తే సరి, 440 చదరపు అడుగులు, అంటే ఒక సెంటు. గట్టు బయటికి ఉబ్బి ఉంటే కలపాలి, లోపలికి తిన్నట్టుంటే తీసేయాలి. మాది లోపలికి తిన్నదే, చిన్నాయన దాన్ని కూడా తీయించి 134.5 సెంట్లకే డబ్బు కట్టాడు.