చైనా పాత స్టాంపు కొనే ముందు ముద్ర చదవండి

చైనా రిపబ్లిక్ తొలినాళ్ల పడవ బొమ్మ స్టాంపులు సేకరించేవాళ్లకి అసలు తలనొప్పి ఒకటే. 1913లో లండన్‌లో అచ్చయినవి, 1914 నుంచి పెకింగ్‌లో అచ్చయినవి, 1923లో మళ్లీ గీసి వేసినవి దాదాపు ఒకేలా ఉంటాయి. ధరలు మాత్రం వేరు.

భూతద్దం పట్టే ముందు పోస్టల్ ముద్రలోని చైనీస్ సంవత్సరం చూడండి. అక్కడ 1912 అంటే రిపబ్లిక్ ఒకటో ఏడు. కాబట్టి ముద్రలోని అంకెకి 1911 కలిపితే మన లెక్క వచ్చేస్తుంది. భాష రానక్కర్లేదు: ఒకటి, రెండు, మూడు అడ్డగీతలే, పది కూడిక గుర్తు, మిగతావి ఓ చీటీ మీద రాసిపెట్టుకుంటే చాలు. ముద్రలో ఐదో ఏడు, అంటే 1916, ఉంటే అది 1923 ముద్రణ అయ్యే అవకాశమే లేదు. రెండో ఏడైతే లండన్‌దే. పెద్ద అంకె ఉంటే మాత్రం ఏమీ తేలదు, పాత స్టాక్ తర్వాత కూడా వాడి ఉండొచ్చు. అప్పుడు భూతద్దం పట్టి బొమ్మలోని తేడాలు చూడాల్సిందే.

1912లో రాచరికం నాటి డ్రాగన్ బొమ్మ స్టాంపుల మీద ‘చైనా రిపబ్లిక్’ అని అదనంగా అచ్చు కొట్టారు. వాటిలో ఆ అక్షరాల సిరా పోస్టల్ ముద్ర పైన కూర్చుని కనిపిస్తే కొనకండి. వాడేసిన స్టాంపు మీద ఎవరో తర్వాత కొట్టినట్టే. అమ్మేవాడు ఎంత తగ్గించినా సరే!