పొలంలో నక్క తిరుగుతుంటే: చర్యకు ముందు జాగ్రత్తలు

కోడి పోయిందనో పుచ్చకాయ కొరికి ఉందనో నక్కపై నేరం మోపే ముందు, ఆ పని ఊరకుక్కదా, అడవిపందిదా, నిజంగా నక్కదేనా అన్నది తెల్లవారగానే తడినేల మీది అడుగులను చూసి తేల్చుకోవాలి. గట్టు మీది గుంటనక్క (చిన్న రకం నక్క, ఫాక్స్) మలాన్ని చేతితో తాకకుండా పుల్లతో విడదీస్తే తరచుగా రేగు గింజలు, పురుగుల రెక్కముక్కలు, ఎలుక వెంట్రుకలు కనిపిస్తాయి. అలాంటిచోట అది వేరుశనగ, వరి చేలలో ఎలుకలను తింటున్నదని గ్రహించి, దాని జోలికి పోకపోవడమే రైతుకు లాభం.

నక్కల్లో మొక్కజొన్న, చెరకు, పుచ్చ తోటలకు నష్టం చేసేది ఎక్కువగా పెద్ద నక్క (జాకాల్). అప్పుడు కూడా ముందు చేయవలసింది కోళ్లను రాత్రి గూట్లో మూయడం, కంచె వల అడుగును నేలలోకి పాతడం, చచ్చిన కోళ్లను బయట పారేయకుండా లోతుగా పూడ్చడం.

విషపు ఎర, ఉచ్చు, కరెంటు తీగ వద్దే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కను చంపడం నేరం. పైగా పొలానికి నీరు కట్టడానికి వెళ్లిన పక్క రైతే ఆ కరెంటు తీగకు బలి కావచ్చు (ఇది ఊహ కాదు, మన పల్లెల్లో జరుగుతున్నదే). నష్టం ఆగకపోతే అటవీ రేంజ్ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలపాలి.

వేసవి ముందు గట్లు చదును చేయించేటప్పుడు బొరియల్లో పిల్లలున్నాయేమో చూసుకోవాలి. చొంగ కారుస్తూ, మనిషికి బెదరకుండా పగలే తిరిగే నక్కకు రేబిస్ ఉండవచ్చు కాబట్టి దూరంగా ఉండి అటవీ సిబ్బందిని పిలవాలి. కరిస్తే గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించుకోవాలి.