సూడోమోనాస్ వాడే ముందు చూసుకోవాల్సినవి

సూడోమోనాస్ అంటే మొక్కలను శిలీంధ్ర తెగుళ్ల నుంచి కాపాడే బ్యాక్టీరియా. ప్యాకెట్‌లోని తెల్లటి పొడిలో ఉన్నవి బతికున్న బ్యాక్టీరియా. అవి చచ్చిపోతే మనం మొక్కకు వేసేది ఉత్త టాల్క్ పొడే.

☐ గడువు తేదీ చూశారా? ప్యాకెట్ ఎండలోనో వేడి గదిలోనో పడి ఉంటే తేదీ ఉన్నా నమ్మకండి. ఈ ప్యాకెట్‌లోని సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్ రకానికి స్పోర్లు (గట్టి పొరలో నిద్రపోయే రూపాలు) ఉండవు, వేడికి త్వరగా చస్తుంది. ఇలాగే తెగుళ్లకు వాడే మరో బ్యాక్టీరియా బాసిల్లస్ సబ్టిలిస్ అయితే స్పోర్లుగా మారి కొంత ఓర్చుకుంటుంది.

☐ ఏ తెగులు రాకుండా వేస్తున్నారో తేల్చుకున్నారా? నారుకుళ్లు, వేరుకుళ్లు, ఎండుతెగులు రాకముందే వేయాలి. ఈ బ్యాక్టీరియా ముందుగా వేరు మీద చోటు పట్టి, ఇనుమును లాగేసుకుని, శిలీంధ్రాన్ని ఆకలికి మాడుస్తుంది. వాడిపోయిన మొక్కను మాత్రం లేపలేదు. వైరస్ తెగుళ్లకు దీన్ని నమ్ముకోవద్దు.

☐ బకెట్, స్ప్రేయర్ కడిగారా? నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే. అడుగున నీలంగా మిగిలిన కాస్త రాగి మందు చాలు, కలిపిన ద్రావణమంతా పాడవడానికి. స్ట్రెప్టోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతోనూ కలపకండి.

☐ క్లోరిన్ వాసన వచ్చే నీరు వద్దు.

☐ విత్తనశుద్ధికి సాధారణంగా కిలో విత్తనాలకు 10 గ్రాములు. లేబుల్ మీద వేరే మోతాదు ఉంటే అదే పాటించండి. తడిపిన విత్తనాలకు పొడి పలుచగా, సమంగా అంటుకోవాలి. నీడలోనే ఆరబెట్టి వెంటనే విత్తండి.

☐ నేల తడిగా ఉందా? బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి సాయంత్రం వేయండి.

☐ మాస్కు, చేతి తొడుగులు. సన్నటి పొడి, ఊపిరితో లోపలికి పోతుంది.