కారు స్పీకర్లు: మార్చే ముందు, మార్చాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

డోర్‌లో గరగర మొదలవగానే కొత్త స్పీకర్లు కొనేయకండి. తేడా స్పీకర్‌లో ఉందా, వైర్‌లో ఉందా, స్టీరియోలో ఉందా అన్నది ముందు తేలాలి. ఒక మల్టీమీటర్, స్క్రూడ్రైవర్, డోర్ ప్యాడ్ ఊడదీసే ప్లాస్టిక్ పట్టీ ఉంటే చాలు.

ఒక డోర్‌లో సౌండ్ లేదు, లేదా వచ్చి పోతోంది

ముందుగా స్టీరియోలో బ్యాలెన్స్ (ఎడమ-కుడి సౌండ్), ఫేడర్ (ముందు-వెనక సౌండ్) మధ్యలో ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఇగ్నిషన్ ఆపి, డోర్ ప్యాడ్ తీసి, స్పీకర్ కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్) ఊడదీసి, రెండు టెర్మినళ్ల మధ్య ఓమ్‌లు కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ దాదాపు 3.2 నుంచి 3.8 వరకు చూపిస్తుంది. మీటర్ ఏమీ చూపకపోతే కాయిల్ (స్పీకర్ లోపలి తీగచుట్ట) తెగినట్టే, ఆ స్పీకర్ మార్చాల్సిందే. 1 ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే కాయిల్ షార్ట్ అయింది. దాన్ని మళ్లీ తగిలించి స్టీరియో ఆన్ చేయొద్దు, లోపలి యాంప్లిఫయర్ చిప్ కాలిపోవచ్చు. ట్వీటర్‌ను (సన్నని పై శబ్దాల చిన్న స్పీకర్) దాని కెపాసిటర్‌తో కలిపి కొలిస్తే బాగున్నది కూడా తెగినట్టే చూపిస్తుంది కాబట్టి కెపాసిటర్ వదిలేసి ట్వీటర్ కాళ్ల మీదే కొలవాలి.

స్పీకర్ బాగానే ఉంది, డోర్ తీసి వేసినప్పుడల్లా సౌండ్ వచ్చి పోతోంది అంటే డోర్‌కూ బాడీకీ మధ్య ఉన్న నల్ల రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉంటుంది. మడత పడే చోటు దాటి అటూ ఇటూ కొత్త వైరు ముక్క అతకండి. మడత దగ్గరే సోల్డర్ వేస్తే కొన్నాళ్లకు మళ్లీ అక్కడే విరుగుతుంది.

గరగర

తక్కువ వాల్యూమ్‌లోనే గరగరమంటుంటే రెండు బొటనవేళ్లతో కోన్‌ను (ముందు కదిలే గరాటు లాంటి భాగం) నాలుగు పక్కలా సమంగా లోపలికి నొక్కి చూడండి. లోపల రాపిడి తెలిస్తే కాయిల్ పక్కకు జరిగింది. అంచు చుట్టూ ఉన్న ఫోమ్ చిరిగిందేమో కూడా చూడండి. డోర్ స్పీకర్లను ఎక్కువగా పాడుచేసేది వాన నీళ్లే. అద్దం పక్కనుంచి కొంత నీరు డోర్ లోపలికి దిగడం మామూలే. ఆ నీరు అడుగు రంధ్రాల నుంచి బయటకు పోవాలి, ప్యాడ్ వెనక ఉన్న ప్లాస్టిక్ షీట్ దాన్ని లోపలికి రానివ్వకూడదు. రంధ్రాలు మట్టితో మూసుకుపోయినా, ఎవరో షీట్ చింపి అలాగే వదిలేసినా కొత్త స్పీకర్ కూడా నాలుగు వానలకే ఉబ్బిపోతుంది. రంధ్రాలు శుభ్రం చేసి, షీట్‌ను బ్యూటైల్ టేపుతో అతికించాకే స్పీకర్ బిగించండి. డోర్‌కు పేపర్ కోన్ కన్నా పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవే తీసుకోండి.

వాల్యూమ్ పెంచినప్పుడు మాత్రమే పగిలినట్టు వినిపిస్తే చాలాసార్లు తప్పు స్పీకర్‌ది కాదు, స్టీరియో శక్తి అయిపోయింది. బేస్ తగ్గించి, స్టీరియోలో హైపాస్ ఫిల్టర్ (మరీ లోతైన బేస్‌ను స్పీకర్‌కు పోనివ్వని సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి చూడండి. ఇంజిన్ రేస్ చేసే కొద్దీ కూత పెరుగుతుంటే అది చాలాసార్లు ఎర్త్ సమస్య, స్పీకర్లు మార్చినా పోదు.

కొత్తవి వేశాక సౌండ్ తగ్గింది

అందరూ పొరపడేది ఇక్కడే. డబ్బా మీద 300 వాట్లు అని ఉంటుంది. అది స్పీకర్ ఇచ్చే సౌండ్ కాదు, ఒక్క క్షణం తట్టుకోగల గరిష్ఠ శక్తి. మీ స్టీరియో మీద 4×50 వాట్లు అని రాసి ఉన్నా, విడిగా యాంప్లిఫయర్ లేకుండా ఒక్కో ఛానెల్‌కు నిలకడగా వచ్చేది సుమారు 18 నుంచి 20 వాట్లే. ఆ కాస్త శక్తితో ఎంత గట్టిగా మోగుతుందో చెప్పేది సెన్సిటివిటీ, డీబీల్లో రాసి ఉంటుంది. 3 డీబీ తగ్గితే అదే సౌండ్‌కు రెట్టింపు శక్తి కావాలి. 92 డీబీ స్పీకర్ 18 వాట్లతో ఇచ్చే సౌండ్‌ను 86 డీబీ స్పీకర్ ఇవ్వాలంటే 72 వాట్లు కావాలి, అంత శక్తి మీ స్టీరియోలో లేదు.

ఇంకో మెలిక ఉంది. కొన్ని కంపెనీలు 1 వాట్‌కు, మరికొన్ని 2.83 వోల్టులకు కొలిచి రాస్తాయి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు 2.83 వోల్టులంటే 2 వాట్లు, అంటే ఆ అంకెలోంచి 3 తీసేసి పోల్చాలి. కంపెనీ స్టీరియోతోనే నడపాలంటే 90 డీబీ, ఆపైన ఉన్నవి, ఆర్‌ఎంఎస్ (నిలకడగా తట్టుకునే శక్తి) 30 నుంచి 60 వాట్లున్నవి చూడండి. బరువైన కోన్, తక్కువ సెన్సిటివిటీ ఉన్న ఖరీదైన కాంపోనెంట్ సెట్లు (ట్వీటర్ విడిగా ఉండేవి) విడిగా యాంప్లిఫయర్ పెట్టేవారికే.

సైజు సరిపోయింది, అద్దం దిగడం లేదు

6.5 అంగుళాలన్నది వెడల్పు మాత్రమే, అయస్కాంతం లోతు వేరు. అద్దం పూర్తిగా దించి, స్పీకర్ కూర్చునే అంచు నుంచి అద్దం వరకు కొలిచి, కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ మిగిలేలా ఎంచుకోండి. చాలకపోతే స్పీకర్ కింద దాన్ని ముందుకు జరిపే రింగు వేయండి, కానీ ప్యాడ్ జాలీకి కోన్ తగలకుండా చూసుకోవాలి. చెక్కపొడి బోర్డు రింగు తడికి ఉబ్బుతుంది, ప్లాస్టిక్‌దే మేలు.

బేస్ మాయమైంది

బ్యాలెన్స్ పూర్తిగా ఒక పక్కకు తిప్పండి. అప్పుడు బేస్ వచ్చి, మధ్యకు తెస్తే పోతుంటే ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. కప్లర్ తీసి 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి, కోన్ బయటికి రావాలి. రెండూ సరిగ్గానే ఉంటే స్పీకర్ అంచు చుట్టూ సందుందేమో చూసి ఫోమ్ టేపుతో మూయండి. ముందు గాలి, వెనక గాలి కలిస్తే బేస్ నిలవదు.

స్టీరియో వేడెక్కి ఆగిపోతోంది

2 ఓమ్‌ల స్పీకర్లు వేసి ఉంటారు, లేదా మైనస్ వైరు బాడీకి తగులుతోంది. చాలా స్టీరియోలలో స్పీకర్ మైనస్ ఎర్త్ కాదు, దాన్ని బాడీకి కలపకూడదు. స్టీరియో మాన్యువల్‌లో కనీస ఓమ్‌లు ఎంతో చూసి అంతకన్నా తక్కువ కానివే వేయండి. కంపెనీ ట్వీటర్ పిల్లర్‌లో ఉండగానే డోర్‌లో కోయాక్సియల్ (మధ్యలోనే ట్వీటర్ ఉన్న స్పీకర్) వేసినా పై శబ్దాల దగ్గర లోడు పెరుగుతుంది, చెవిలో గుచ్చుకున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు పాత ట్వీటర్ కప్లర్ ఊడదీసి, లోహం తగలకుండా టేపు చుట్టి ఉంచండి.