మక్కీకి మక్కీ కాదు: కొత్త సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లో పాతదాన్ని గుర్తుపట్టి చూడటం ఎలా

ఈ వేసవిలో మా చెల్లెలి కొడుకు బొబ్బిలి నుంచి వచ్చి నెల రోజులు మా ఇంట్లో ఉన్నాడు. ఇంటర్ పరీక్షల టెన్షన్ తీరిపోయింది. పగలంతా ఎండ, రాత్రయితే మేడ మీద చాప వేసుకుని ల్యాప్‌టాప్‌లో సిరీస్‌లు. వాడు చూస్తున్నది ‘స్టార్ ట్రెక్: స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’, అంతరిక్ష ఓడలో తిరిగేవాళ్ల కథ. 2022లో మొదలైంది. మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ అయిపోయాక, ఉండరా అని నేను 1966 నాటి పాత స్టార్ ట్రెక్ ఎపిసోడ్ ఒకటి పెట్టాను. పావుగంట గడవలేదు, లేచి కూర్చున్నాడు.

“ఏటి పెద్దమ్మా ఇది! మక్కీకి మక్కీ దింపేశారు కదా!”

దింపేయలేదని వాడికి చూపించడానికి మూడు రాత్రులు పట్టింది. ఆ రాత్రుల్లో మేం ఎలా చూశామో రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే, లేదా మీకే ఆ అనుమానం ఉంటే, ఇలా చూసి చూడండి.

నేను పిల్లలకు వయొలిన్ నేర్పుతాను. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. మా ఊరి సంగీత కళాశాల 1919లో మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. అక్కడే నేర్చుకున్నాను కాబట్టి నాకు ఈ విషయం సంగీతంలోంచే అర్థమవుతుంది. గురువుగారి సంగతిని, అంటే ఒకే పాట వరసను కొద్దిగా మార్చి వాయించే తీరును, శిష్యుడు కచేరీలో వాయిస్తే ఎవరూ దొంగతనం అనరు. ఉన్నదున్నట్టు వాయించి ఊరుకుంటే మాత్రం పాఠం అప్పజెప్పాడంటారు. ఆ సంగతి వాయించి, దాని మీద తనది ఒకటి వేసి, మళ్లీ పల్లవికి సరిగ్గా వచ్చి కలిశాడనుకోండి, ముందు వరసలో పెద్దవాళ్లు తల ఊపుతారు. అది గురువుకు నమస్కారం. సిరీస్‌ల్లో కూడా మనం వెతకాల్సింది ఆ రెండో సంగతినే.

ముందుగా, మొత్తం సిరీస్ చూడాలని కూర్చోకండి. పాత స్టార్ ట్రెక్ మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. అంతా చూశాకే కొత్తది అనుకుంటే ఎవరూ మొదలే పెట్టరు. ఒక జత ఎంచుకోండి: కొత్తది ఒక్క ఎపిసోడ్, అది దేన్ని తలుచుకుంటోందో ఆ పాతది ఒక్కటి. మేం చూసిన జత కొత్తదాంట్లో ‘ఎ క్వాలిటీ ఆఫ్ మెర్సీ’, పాతదాంట్లో ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’. మొదటిసారి చూసేవాళ్లకు ఇంతకన్నా మంచి జత నాకు తెలియదు.

వరస ముఖ్యం. కొత్తది ముందు చూడండి, పాతది తర్వాత, మళ్లీ కొత్తది. చాలామంది పాతది ముందు చూడమంటారు, నేను ఒప్పుకోను. పాతది తెలియకుండా చూసినా కొత్త కథ తన కాళ్ల మీద నిలబడాలి. మావాడికి 1966 సంగతి ఏమీ తెలియదు, అయినా ఆ ఎపిసోడ్‌కు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అంటే అది మొదటి పరీక్ష నెగ్గింది. పాతది తెలిసినవాళ్లకు మాత్రమే అర్థమయ్యే కథ అయితే అది కొత్తవాళ్ల ముఖాన తలుపు వేసినట్టే.

పాతది చూసేటప్పుడు వేగం పెంచకండి. పిల్లలు ఒకటిన్నర రెట్ల స్పీడ్‌లో పెట్టేస్తారు. ఆ ఎపిసోడ్‌లో కంటికి కనిపించని శత్రు ఓడ ఉంటుంది, ఇటువాళ్లు, అటువాళ్లు చప్పుడు చేయకుండా ఒకరి కోసం ఒకరు కాచుకుని ఉంటారు. జలాంతర్గాముల యుద్ధం లాంటిది. ఆ నిశ్శబ్దమే కథ. తాళం పరుగెత్తిస్తే అదే ముందు పోతుంది.

మూడోసారి చూసేటప్పుడు నోట్‌బుక్ పట్టుకోండి. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ‘అలాగే ఉంచారు’, కుడివైపు ‘మార్చారు’ అని రాయండి. మావాడి ఎడమవైపు పది నిమిషాల్లో నిండిపోయింది. ఓడలో పెళ్లి జరుగుతుంటుంది, కెప్టెనే పెళ్లి చేయిస్తుంటాడు, సరిగ్గా అప్పుడే సరిహద్దు కాపలా కేంద్రం మీద దాడి అని కబురు వస్తుంది. అదే పెళ్లి, అదే జంట, కొన్నిచోట్ల అవే మాటలు. శత్రువులైన రోములన్ల ముఖం మొదటిసారి తెర మీద కనిపించి, వాళ్లు ఓడలోని అధికారి స్పాక్ జాతివాళ్లలాగే ఉన్నారని తెలిసినప్పుడు అందరూ అతని వైపు చూసే చూపు కూడా ఉంది.

కుడివైపు చాలాసేపు ఖాళీగానే ఉంది. “అసలు మార్చింది ఎవర్నిరా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి ఒక్క మాట రాశాడు: కెప్టెన్.

అదే కీలకం. పాతదాంట్లో కుర్చీలో కూర్చున్నది కర్క్. శత్రువు తప్పించుకుంటే యుద్ధం వస్తుందని తెగించి వెంటపడతాడు. కొత్తదాంట్లో అదే రోజు, అదే కుర్చీలో పైక్ ఉంటాడు. పైక్ మంచివాడు, నిదానస్తుడు, మాటలతో తేల్చుకుందామని చూస్తాడు. ఆ మంచితనమే యుద్ధం తెచ్చిపెడుతుంది, స్పాక్‌కు ఘోరమైన గాయాలవుతాయి. పాత కథ ఎందుకు అలా నడవాల్సి వచ్చిందో 56 ఏళ్ల తర్వాత మరో కథ రుజువు చేసి చూపిస్తోంది. ఎడమవైపు అన్ని వరుసలు నిండింది కుడివైపు ఈ ఒక్క మాట కోసమే. అంతా అలాగే ఉంచితే తప్ప మార్చిన ఒక్కదాని బరువు మనకు తెలియదు.

ఇది అర్థమయ్యాక మావాడు మరి పూర్తిగా మళ్లీ తీసినవాటి సంగతేమిటని అడిగాడు. ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’ 1978లో వచ్చింది, 2003లో మళ్లీ మొదలైంది. పేర్లు అవే, మనుషులు వేరు. పాతదాంట్లో మగవాడైన స్టార్‌బక్ కొత్తదాంట్లో ఆడపిల్ల. నేను వాడికి మా పైడితల్లి అమ్మవారి సిరిమానును గుర్తు చేశాను. ఏటా కొత్త చింతమాను తెస్తారు, దారి మాత్రం అదే, గుడి దగ్గర్నుంచి కోట దాకా మూడుసార్లు. చెట్టు మారిందని పండగ మారిందనం. దారి పాతదని ఆ చెట్టును చిన్నచూపూ చూడం.

ఇప్పుడు చెవులు. ఈ పని చాలామంది చేయరు, నాకు మాత్రం ఇదే ఇష్టం. కళ్లు మూసుకుని టైటిల్స్ వినండి. ‘డాక్టర్ హూ’ 1963లో మొదలైంది. దాని బాణీ కట్టింది రాన్ గ్రెయినర్, దాన్ని ధ్వనిగా మలిచింది బీబీసీలో పనిచేసిన డెలియా డెర్బీషైర్. సింథసైజర్ కీబోర్డులు దొరకని రోజులవి. ఒక్కో స్వరాన్నీ టేపు మీద పట్టుకుని, ముక్కలు కోసి అతికించి తయారుచేశారు. అప్పట్నుంచి ఆ బాణీకి ఎన్నో కొత్త రూపాలు వచ్చాయి. 50 ఏళ్ల సందర్భంగా 2013లో వచ్చిన ‘ది డే ఆఫ్ ది డాక్టర్’ మాత్రం ఆ మొదటి నలుపు తెలుపు టైటిల్స్‌తోనే, ఆ పాత ధ్వనితోనే మొదలవుతుంది. చీకట్లో ఆ శబ్దం విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

మాటలు కూడా అలాగే వినాలి. పాత స్టార్ ట్రెక్ టైటిల్స్ ముందు వచ్చే మాటల్లోనే ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ ఉంది. కొత్త సిరీస్ తన పేరునే అక్కడి నుంచి తీసుకుంది. అదే వాక్యం చివర్లో కర్క్ ‘నో మ్యాన్’ అంటాడు. 1987లో వచ్చిన ‘నెక్స్ట్ జనరేషన్’లో అది ‘నో వన్’ అయింది. ఒక్క మాట సవరించి మిగతాదంతా భద్రంగా ఉంచారు. కీర్తనలో పాఠం దిద్దేవాళ్లు ఇంత జాగ్రత్తగానే దిద్దుతారు.

తర్వాత సందులు వెతకండి. పాత కథలో ఎవరూ చెప్పకుండా వదిలేసిన చోటు ఏదైనా ఉందా, కొత్తది అక్కడ దూరిందా అని చూడాలి. దీనికి స్టార్ ట్రెక్‌లోనే మరో సిరీస్ అయిన ‘డీప్ స్పేస్ నైన్’లోని ‘ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్’ చూపించండి. స్టార్ ట్రెక్‌కు 30 ఏళ్లు నిండినప్పుడు, 1996లో తీశారు. 1967 నాటి ‘ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్’లో కర్క్ ధాన్యం కొట్టు తలుపు తీయగానే బొచ్చు ఉండల్లాంటి జీవులు కుప్పలుగా మీద పడతాయి. కుప్ప పడ్డాక కూడా ఒక్కొక్కటే వచ్చి నెత్తి మీద పడుతూనే ఉంటుంది. ఎందుకు అలా పడుతోందని అప్పట్లో ఎవరూ అడగలేదు. కొత్తదాంట్లో ఆ సిరీస్‌వాళ్లు సిస్కో, డాక్స్ పైన ఆ కొట్టులో కూర్చుని వాటిని ఒక్కొక్కటే పరీక్షిస్తూ కిందికి విసిరేస్తుంటారు! పాత ఫిల్మ్‌లోకి కొత్త నటులను చేర్చి, సెట్లు మళ్లీ కట్టి తీశారు. పాత దృశ్యాన్ని ఒక్క అణువు కదపలేదు, మనం దాన్ని చూసే తీరు మారిపోయింది. ఈ ఒక్క జతకు మాత్రం నా వరస తిరగేయండి, పాతది ముందు చూడండి. మేం కొత్తది ముందు చూసి ఆ ఆనందం సగం పోగొట్టుకున్నాం.

మనుషులను కూడా గమనించండి. 1978లో అపోలోగా నటించిన రిచర్డ్ హాచ్ కొత్త గెలాక్టికాలో టామ్ జారెక్ అనే పూర్తిగా వేరే మనిషిగా వస్తాడు, అదీ కొత్త అపోలోకు ఎదురు నిలిచే పాత్రలో. ‘లాస్ట్ ఇన్ స్పేస్’ 1965లో విల్ రాబిన్సన్‌గా నటించిన బిల్ మూమీ 2018 నాటి కొత్తదాంట్లో అసలైన డాక్టర్ స్మిత్‌గా కాసేపు కనిపిస్తాడు. ఆయన పేరునే ఒకామె దొంగిలిస్తుంది. ఆమె అసలు పేరు జూన్ హారిస్. పాత సిరీస్‌లో స్మిత్ వేషం వేసిన నటుడు జొనాథన్ హారిస్. ఇంటిపేరు చూడండి.

అయితే గోడ మీద కనిపించిన ప్రతి నంబరునూ, పెట్టె మీది ప్రతి పేరునూ లెక్క వేసుకోకండి. మావాడు రెండో రాత్రి అదే పనిగా ఆపి ఆపి వెతికాడు, కథ చూడటం మానేశాడు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. అవి తాంబూలంలో వక్కపలుకుల్లాంటివి, ఉంటే బాగుంటుంది, వాటితో కడుపు నిండదు. ‘నెక్స్ట్ జనరేషన్’ కెప్టెన్ పేరుతోనే వచ్చిన ‘పికార్డ్’ సిరీస్ మూడో సీజన్‌లో అలాంటివి లెక్కలేనన్ని ఉన్నాయి. నా మనసులో నిలిచింది మాత్రం చివరి దృశ్యం ఒక్కటే. 1994లో ‘నెక్స్ట్ జనరేషన్’ ముగిసింది పేకాట బల్ల దగ్గర. అన్నేళ్లు దూరంగా ఉన్న కెప్టెన్ మొదటిసారి తనవాళ్లతో ఆటకు కూర్చుంటాడు. 2023లో అదే మనుషులు, నెరిసిన తలలతో, అలాంటి బల్ల చుట్టూ. ఎవరూ ఏమీ వివరించరు.

మూడో రాత్రి మావాడు పైక్ ఎక్కడి నుంచి వచ్చాడని అడిగాడు. 1964-65లో స్టార్ ట్రెక్ కోసం మొదట తీసిన ప్రయోగ ఎపిసోడ్‌లో కెప్టెన్ అతనే. టీవీవాళ్లు దాన్ని వద్దన్నారు, మళ్లీ తీయించారు, పైక్ పోయి కర్క్ వచ్చాడు. తీసిన ఫిల్మ్ వృథా పోకుండా 1966లో ‘ది మెనాజరీ’ అని రెండు భాగాల కథలో వాడుకున్నారు. వద్దని పక్కన పెట్టిన ఆ కెప్టెన్‌కు, అతని తర్వాతి స్థానంలో ఉండే అధికారి నంబర్ వన్‌కు కొత్తవాళ్లు ఏకంగా ఒక సిరీస్ ఇచ్చారు.

నా చిన్నప్పుడు దూరదర్శన్‌లో, పక్కింటివాళ్ల టీవీలో, స్టార్ ట్రెక్ చూసేదాన్ని. అప్పటి ఇష్టంతోనే ‘ది మెనాజరీ’ పెట్టాను. ప్రమాదంలో కాలిపోయిన పైక్ చక్రాల కుర్చీలో ఉంటాడు. మాట లేదు, కదలిక లేదు, కుర్చీ ముందు ఒక దీపం. ఒకసారి వెలిగితే అవును, రెండుసార్లు వెలిగితే కాదు. కొత్త సిరీస్‌లో పైక్‌కు తన గతి ఇదేనని ముందే తెలుసు, తెలిసే ఆ దారిన నడుస్తాడు.

దీపం రెండుసార్లు వెలిగింది. మావాడు నోట్‌బుక్ పక్కన పెట్టేశాడు. చాలాసేపటి తర్వాత, “పెద్దమ్మా, కొత్తది మళ్లీ మొదటి ఎపిసోడ్ నుంచి పెట్టవా” అన్నాడు.