కాలువ కింద పొలం కొంటున్నారా? ముందు ఈ రెండూ చూసుకోండి

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పొలం బేరానికి వెళితే మధ్యవర్తి నోట మొదట వచ్చేది "కాలువ కింద భూమండీ" అన్న మాటే. దాంతోనే ఎకరా రేటు ఎక్కడికో పోతుంది. బయానా ఇచ్చే ముందు సీలింగ్ లెక్క, నీటి లెక్క రెండూ తేల్చుకోండి.

సీలింగ్ అంటే ఒక కుటుంబం ఎక్కువలో ఎక్కువ ఎంత సాగుభూమి ఉంచుకోవచ్చన్న హద్దు. అది పెట్టింది 1973 భూసంస్కరణల చట్టం, 1975 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నేల తరగతిని బట్టి పల్లం అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. భార్యాభర్తలు, మైనర్ కొడుకులు, పెళ్లికాని మైనర్ కూతుళ్లు కలిపి ఒక కుటుంబం. ఐదుగురు దాటితే ఒక్కొక్కరికి ఐదో వంతు చొప్పున పెరుగుతుంది, ఎంత పెరిగినా రెట్టింపు మించదు. రెండు రకాల నేలా ఉంటే వంతులు కలపాలి: మీ తరగతికి పల్లం 18, మెట్ట 45 అనుకుంటే 6 ఎకరాల పల్లం ఒక మూడో వంతు, 15 ఎకరాల మెట్ట ఇంకో మూడో వంతు, కలిసి హద్దులో మూడింట రెండు వంతులు, ఇంకా చోటుంది. ఎకరా, రెండెకరాల వాళ్లకి ఈ టెన్షన్ అక్కర్లేదు గానీ వేరే మండలంలో భార్య పేరున ఉన్నదీ లెక్కలోకి వస్తుందని మర్చిపోకండి.

అసలు చిక్కు నీళ్ల దగ్గరే. మీభూమి (ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్)లో సర్వే నంబరు కొట్టి అడంగల్ (సాగు వివరాల రికార్డు) తీసి జలాధారం గడి చూడండి, కానీ అక్కడితో ఆగిపోవద్దు, నేను ఆగిపోయే దెబ్బతిన్నాను. కాగితంలో కాలువ అని ఉంది, తీరా ఉభాల (నాట్ల) వేళకి వెళ్లి చూస్తే మా పిల్ల కాలువ అడుగున మోకాలెత్తు పుట్ట లేచి ఉంది, నీళ్లు పారి ఎన్నేళ్లయిందో!

అందుకే సర్వే నంబరు పట్టుకుని ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసుకి వెళ్లి ఆ చేను ఆయకట్టులో (కాలువ నీళ్లు అందాల్సిన భూముల్లో) ఉందా, ఏ తూము (కాలువ నుంచి చేలకి నీళ్లు వదిలే దారి) కింద ఉందో అడగండి. వంశధార, తోటపల్లి, మడ్డువలస, ఏ ప్రాజెక్టు కాలువ అయినా తూము దగ్గర చేనుకీ శివారు (కాలువ చివర) చేనుకీ పొంతన ఉండదు. వంశధార మీది గొట్టా బ్యారేజీ నుంచి వచ్చే ఎడమ కాలువ శివారులో, టెక్కలి దాటాక, రైతుల్ని అడిగితే ఆ తేడా వాళ్లే చెబుతారు. ఎండాకాలంలో పొలం చూసి మురిసిపోకండి, ఆగస్టులో వెళ్లండి. మీ చేనుకి కింద ఉన్న చేను రైతుని "కిందటేడు నీళ్లు ఎన్నాళ్లొచ్చాయి బాబూ?" అని అడగండి, తర్వాత లస్కర్‌నీ (కాలువ నీళ్లు చూసుకునే ఇరిగేషన్ మనిషి), నీటి సంఘం వాళ్లనీ అదే ప్రశ్న అడగండి. ముగ్గురి మాటా కలిస్తే అప్పుడు బయానా సంగతి చూడొచ్చు, కలవకపోతే మెట్ట రేటుకే బేరం పెట్టండి.